సారు, సారా, సర్కారు

మా ఊళ్లో క్షవరానికి వెళితే తలతో పాటు చెవులు కూడా అప్పగించి కూర్చోవాలి. మొన్న కత్తెర నా కుడిచెవి చుట్టూ ప్రదక్షిణం చేస్తుండగా పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి, నురగ మూతి ఇటు తిప్పి అన్నాడు: "ఏం మాస్టారూ, కరోనా పుణ్యమా అని రెండేళ్లు ఊరికే కూర్చుని జీతం తిన్నారు కదండీ!"

కత్తెర చెవి మీదుండగా వాదన పెట్టుకునేంత మూర్ఖుణ్ని కాను. నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చి చెంబుడు నీళ్లు నెత్తిన పోసుకుంటూ ఆలోచిస్తే, పాపం ఆయనన్నదాంట్లో అబద్ధమేముంది? కూర్చున్నమాట వాస్తవం. ఎక్కడెక్కడ కూర్చున్నానో ఒక్కటే ఆయనకు తెలీదు. అయినా పంతులన్నాక లెక్క అప్పజెప్పడం ధర్మం.

2020 మార్చి 19న బడికి తాళం పడింది. "నెలాఖరుకి తెరిచేస్తారులెండి" అన్నారు మా హెడ్మాస్టారు, తాళంచెవి జేబులో వేసుకుంటూ. నల్లబల్ల మీద రాసిన తేదీ కూడా ఎవరం చెరపలేదు. మళ్లీ తలుపు తీసినప్పుడు అది మమ్మల్ని చూసి నవ్వింది. ఆ నెల జీతంలో సగమే చేతికొచ్చింది. మిగతా సగం కోత కాదట, వాయిదా అట. ఇంటద్దె వాయిదా వేద్దామంటే మా ఇంటి ఓనరుకు ఈ సూక్ష్మం అర్థం కాలేదనుకోండి, అది వేరే సంగతి. అలా ఆపిన సొమ్ముకు 12 శాతం వడ్డీ కట్టి ఇవ్వమని హైకోర్టు అంటే, సర్కారు సుప్రీంకోర్టు దాకా నడిచి వెళ్లి 2021 ఫిబ్రవరిలో దాన్ని ఆరు శాతానికి దించుకొచ్చింది. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను. పంతులుకిచ్చే వడ్డీ సగం చెయ్యడానికి పెట్టిన ఢిల్లీ ఖర్చెంత అనే లెక్క మాత్రం ఏ తరగతి పుస్తకంలోనూ లేదు.

ఇక మే నెల. గుళ్లు మూసి ఉన్నాయి, బళ్లు మూసి ఉన్నాయి, ఆర్టీసీ బస్సులు డిపోల్లో నిద్రపోతున్నాయి. మే 4న మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. జనం వెల్లువెత్తారు. దూరం పాటించేలా వాళ్లను ఎవరు నిలబెట్టాలి? పోలీసులు చాలరు. మా అప్పటి విశాఖ జిల్లాలో, అనకాపల్లి వైపు, ఎవరికో బంగారం లాంటి ఆలోచన వచ్చింది. మనుషుల్ని వరసలో నిలబెట్టడమే వృత్తిగా గలవాడు ఎవడు? బడిపంతులు. పైగా ఖాళీగా ఉన్నాడు. పైగా 2019 అక్టోబరులోనే ఆ దుకాణాలు సర్కారువయ్యాయి, పంతులూ సర్కారువాడే. తోడబుట్టిన శాఖలు ఆపదలో సాయం చేసుకోకపోతే ఎలా?

అలా ఓ రోజు పొద్దున్నే నేనూ నా సహోపాధ్యాయుడూ నెత్తికి తువ్వాలు చుట్టుకుని దుకాణం ముందు హాజరయ్యాం. జేబులో రెండు సుద్దముక్కలు. నలభై రోజుల తర్వాత సుద్దముక్క పట్టుకున్నానన్న ఆనందం, నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం కలిగింది. ఆరడుగులకొకటి చొప్పున రోడ్డు మీద గుండ్రాలు గీశాం. చెయ్యి తిరిగినవాణ్ని కదా, ఒక్కో గుండ్రం వృత్తలేఖినితో గీసినట్టు వచ్చింది. అందులో ఒక్కొక్కరు నిలబడాలి. ప్రార్థన గంటకు ఏనాడూ వరసలో నిలబడని శాల్తీలు, చేతులు కట్టుకుని, సుద్దగీత తొక్కకుండా, ఎండలో మూడు గంటలు నిలబడ్డారు. క్రమశిక్షణ లేని జాతి అని మనల్ని ఎవరన్నా అంటే ఇక నేనొప్పుకోను. దానికి తగిన లక్ష్యం చూపించాలంతే.

పదకొండో గుండ్రంలో నా పాత శిష్యుడున్నాడు. నన్ను చూసి గబుక్కున మాస్కు కళ్లదాకా లాగాడు. తర్వాత మనసు ఆగలేదు కాబోలు, చేతులు జోడించాడు.

"మాస్టారూ! మీరేంటి ఎండలో? ముందుకెళ్లిపోండి. మీకు క్యూ ఏంటి?"

"కొనడానికి రాలేదురా. డ్యూటీ."

"అందరూ ఏదో ఒకటి చెబుతారు మాస్టారూ. ఇందులో సిగ్గెందుకు? బ్రాండు చెప్పండి, నేను తెచ్చిపెడతాను."

వాడి మంచితనానికి నాకు కళ్లు చెమర్చాయి. పన్నెండో గుండ్రంలోనివాడు లోకజ్ఞానం గలవాడు, శాతాలు అడిగాడు. "మొన్న ఇరవై అయిదు పెంచారు, నిన్న ఇంకో యాభై అన్నారు. మొత్తం ఎంత పెరిగినట్టు మాస్టారూ?" డెబ్బై అయిదని చెప్పాను. తాగుడు మాన్పించడానికే పెంచామని సర్కారు చెప్పిన సంగతి కూడా చెప్పాను. క్యూ అంతా చెవులు రిక్కించి విన్నది. నా సర్వీసులో శాతాల పాఠాన్ని ఇంత శ్రద్ధగా ఆలకించిన తరగతి మరొకటి లేదు. ఉపాధ్యాయ దినోత్సవానికి రాష్ట్రపతి పతకం వస్తుందని చిన్నప్పుడు కలలు కనేవాణ్ని. ఆ రోజుల్లో నాకు దొరికిన ప్రెసిడెంట్ మెడల్ దర్శనం సీసా మీది లేబుల్‌దే.

(సారా అన్నాను గానీ అక్కడ అమ్మింది సారా కాదు, బ్రాందీ, విస్కీ. ప్రాస కుదిరినప్పుడు పంతులు సత్యం జోలికి పోడు.)

నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా మీకు? 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, చదివిన పాఠం పట్టుకుని నేరుగా సారా దుకాణం మీదికి నడిచారు. ఆ సెగకే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. అప్పుడు చదువు సారా కొట్టు మూయించింది. పాతికేళ్లు తిరిగేసరికి అదే చదువు సారా కొట్టు ముందు గొడుగు లేకుండా నిలబడి, "తోసుకోకండి బాబూ, అందరికీ దొరుకుతుంది" అంటోంది. దీన్ని అభివృద్ధి అంటారో, అక్షరాస్యత అంటారో క్షవరం కుర్చీలోని పెద్దమనిషినే అడగాలి.

తర్వాత ఆన్‌లైన్ చదువులు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. అటు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీశాట్ ఛానళ్లలో మొదలయ్యాయి. పాఠాలు బాగానే ఉన్నాయి, చెప్పినవాళ్లు కష్టపడ్డారు, ఆ మాట అనాలి. టీవీలో మాస్టారు ప్రశ్న అడిగి, "చెప్పండి పిల్లలూ" అని అయిదు సెకన్లు ఆగేవాడు. ఆ అయిదు సెకన్లూ మా ఊళ్లో టీవీ ముందు ఉన్నది ఎవరు? ఇంట్లోని ముసలమ్మ. ఆవిడ సమాధానం చెప్పేది కూడానట.

మాకేమో వాట్సాప్ గ్రూపు. ఉన్న ఇళ్లలో కూడా ఫోను పొద్దున్నే తండ్రితో పాటు తాపీపనికి వెళ్లిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తుంది, తండ్రికీ దానికీ ఇద్దరికీ చార్జింగ్ అయిపోయి. నేను ఎనిమిదిన్నరకు గుణింతం మీద ఆడియో పెడితే, తొమ్మిదింటికి జవాబు వచ్చేది: "మేస్త్రీ గారూ, రేపు సిమెంటు దింపుతున్నారా?" ఏజెన్సీలో పనిచేసే మిత్రుడొకడు పాఠం పంపడానికి రోజూ చింతచెట్టెక్కేవాడు, సిగ్నల్ అక్కడ తప్ప లేదని. చెట్టు కింద కూర్చుంటే జ్ఞానోదయం అయ్యే కాలం పోయింది. ఇప్పుడు చెట్టెక్కాలి, చెట్టు దిగి "ఎందరు చూశారు" అనే పట్టిక నింపి పైకి పంపాలి. పై ఆఫీసుకు కావలసింది పాఠం కాదు, పట్టిక. నూటికి నూరు మంది చూశారని రాస్తే ఒక్కరూ మళ్లీ అడగరు. ఎనభై అని రాస్తే మిగతా ఇరవై మందికి సంజాయిషీ. అబద్ధమాడరాదని ఒకటో తరగతిలో నేర్పేవాడు సంతకం ఎక్కడ పెట్టాడో నన్నడక్కండి.

బళ్లు తెరిచాక యాప్‌లు మొదలయ్యాయి. మధ్యాహ్న భోజనానికి ఒకటి, హాజరుకు ఒకటి, మరుగుదొడ్లకొకటి. నాడు-నేడు పథకం కింద మరుగుదొడ్లు చక్కగా కట్టారు. కాదన్నవాడి కళ్లు పోతాయి. ఆడపిల్లలకు ఆ మేలు ఎంతటిదో మాకు తెలుసు. కానీ కట్టినదాన్ని రోజూ ఫొటో తీసి ఎక్కించే భాగ్యం కూడా మాకే దక్కింది. గుళ్లో మూలవిరాట్టు ఫొటో తీస్తే సెల్లు లాక్కుంటారు. బళ్లో మరుగుదొడ్డి ఫొటో తీయకపోతే సంజాయిషీ అడిగేవారు. ఎక్కడ దేవుడుంటాడో సర్కారుకు స్పష్టత ఉండేది. మొదటి గంట కొట్టాక నేను ఫోను పైకెత్తి, వెలుతురు చూసుకుంటూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడితే, పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని వరసగా చూసేవారు. "మాస్టారూ, నవ్వమని చెప్పండి" అన్నాడొక గడుగ్గాయి, మరుగుదొడ్డికి.

ఇప్పుడు వైరస్ స్వభావం గురించి నాలుగు ముక్కలు. శాస్త్రవేత్తలు చాలా రాశారుగానీ, దాని తెలివితేటలు దగ్గరగా చూసినవాళ్లం మేమే. 2021 జనవరిలో పంచాయతీ ఎన్నికలు వద్దు, కరోనా ఉంది అని సర్కారు పట్టుబట్టింది. పెట్టి తీరాలని ఎన్నికల సంఘం. సుప్రీంకోర్టు జనవరి 25న పెట్టమంది. ఎన్నికలకు ప్రమాదకరమైన ఆ వైరస్, ఫిబ్రవరి 1న ఒకటి నుంచి అయిదు తరగతులు తెరవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. అంటే అది ఓటర్లను పట్టుకుంటుంది, ఆరేళ్ల పిల్లల్ని వదిలేస్తుంది. 9న తొలి విడత పోలింగు. బడి తెరిచింది నేనే, పోలింగు పెట్టె మోసింది నేనే. ఏ హోదాలో ఉన్నప్పుడు నన్ను పట్టుకోవాలో తెలియక వైరస్ తికమకపడి ఉంటుంది.

ఏప్రిల్లో తికమక తీరింది. 17న ఇటు తిరుపతి, అటు నాగార్జునసాగర్ ఉప ఎన్నికలు, రెండో అల ఊళ్లమీద విరుచుకుపడుతున్న రోజులు. మా వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టే మాస్టారొకాయన ఉండేవాడు. ఒకరోజు పువ్వు రాలేదు. మూడోరోజు ఆయన ఫొటో వచ్చింది, దండతో. కింద అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఆయన పేరు గ్రూపులోంచి తీసేయడానికి ఇప్పటికీ ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆ రోజుల్లోనే ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల డ్యూటీ వల్ల 1,621 మంది పోయారని అక్కడి ప్రాథమిక ఉపాధ్యాయుల సంఘం జాబితా ఇచ్చింది. ప్రభుత్వం లెక్కగట్టి ముగ్గురంది. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి తిరిగి ఇల్లు చేరేలోగా పోతేనే డ్యూటీలో పోయినట్టట. తీసివేతలు నేర్పిన పంతుళ్లనే తీసివేసి శేషం మూడు తేల్చారు. వైరస్‌కి నిబంధనలు చదవడం వచ్చి ఉంటే, పోలింగ్ కేంద్రంలోనే పని ముగించి కుటుంబాలకు నాలుగు డబ్బులొచ్చేలా చేసేదేమో.

నేను సర్కారు పంతుల్ని కాబట్టి ఇంకా ఎగతాళి చెయ్యగలుగుతున్నాను. ప్రైవేటు మాస్టార్లకు ఆ భోగం కూడా లేదు. నా దగ్గర అయిదో తరగతి దాకా చదివి, పెద్దయి భాషాప్రవీణ అయి, ఓ ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పుకునే కుర్రాడున్నాడు. బడి ఆన్‌లైన్ క్లాసులకు ఫీజు పూర్తిగా వసూలు చేసింది. వాడికి జీతం మొదటి నెల సగం, తర్వాత పావు, ఆపైన "పరిస్థితులు బాగుపడ్డాక చూద్దాం." నలుగురు పిల్లల్ని చేర్పిస్తే జీతం ఇస్తామని ఒక ఆశ కూడా చూపించారు. బైపాస్ పక్కన టిఫిన్ బండి పెట్టాడు. చూద్దామని వెళ్లాను. పలకంత బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: "ఇడ్డెనలు." అసలు మాట అదే మరి! రెండు రోజులు ఒక్క లారీ కూడా ఆగలేదట. మూడోరోజు చెరిపి "ఇడ్లీ" అని రాశాడు. "వ్యావహారికమే గెలిచింది మాస్టారూ" అన్నాడు, నా ప్లేటులో చట్నీ వేస్తూ. డబ్బులు తీసుకోలేదు.

తెలంగాణలో 2021 ఏప్రిల్లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు. చాలదని మాట్లాడినవాళ్లున్నారు. ఆ మాత్రం కూడా అప్పుడు మన దగ్గర లేకపోయింది గనుక నేను మాట్లాడను. బడిపంతులికి బియ్యం ఇచ్చి చదువు చెప్పించుకునే వీధిబడి రోజులు తిరిగొచ్చాయని కొందరు మురిశారు. అప్పట్లో గుమ్మడికాయలు కూడా ఇచ్చేవారు.

2022 జనవరికి వద్దాం. మూడో అల. రాత్రి కర్ఫ్యూ పెడతామన్నారు. అయితే సంక్రాంతి కదా, ఊళ్లకొచ్చేవాళ్లకు ఇబ్బందని జనవరి 18కి వాయిదా వేశారు. పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల చుట్టూ జనం మీద జనం పడినా వైరస్ పల్లెత్తు మాట అనలేదు, అది కూడా పందెం కాసిందేమో. జనవరి 17న మా బళ్లు తెరుచుకున్నాయి. అదే రాత్రి వేతన సవరణ (పీఆర్సీ) జీవోలు వెలువడ్డాయి. అప్పటిదాకా మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నాం. కొత్త ఫిట్‌మెంటు 23. పల్లెల్లో ఇంటద్దె భత్యం 12 నుంచి 8. పెంచినట్టు ప్రకటన, తగ్గినట్టు జీతం. లోకంలో ఉద్యోగులు జీతం పెంచమని వీధికెక్కుతారు. మా జీతం పెంచొద్దు మహాప్రభో, పాతదే ఇవ్వండి అని వీధికెక్కింది మేమే. దాన్ని రివర్స్ పీఆర్సీ అన్నారు. ఊరటగా రిటైర్మెంటు వయసు 60 నుంచి 62 చేశారు. అంటే, మరో రెండేళ్ల మరుగుదొడ్డి ఫొటోలు.

సరిహద్దు అవతల, తెలంగాణలో, మా బావమరిది కథ ఇంకో రకం. వైరస్ ఉందని అక్కడ బళ్లకు జనవరి 30 దాకా సెలవులు. అదే నెలలో 317 జీవో కింద వేలమందిని ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు పంపుతూ ఉత్తర్వులు. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా. బడికి అడ్డొచ్చిన వైరస్ బదిలీకి అడ్డు రాలేదు. ఆ జీవో మీద కరీంనగర్‌లో దీక్షకు కూర్చున్న ప్రతిపక్ష నాయకుణ్ని కొవిడ్ నిబంధనల కింద అరెస్టు చేశారు. మా వైరస్ ఎంత చురుకైనదో మీరే చూడండి, పాలకపక్షం సభలో మూగదైపోతుంది, నిరసన శిబిరం కనిపిస్తే చాలు, లాఠీతో సహా దిగుతుంది.

ఇటు మా రివర్స్ పీఆర్సీ మీద ఫిబ్రవరి 3న చలో విజయవాడ. బస్సులు ఆపారు, స్టేషన్లలో కాపలా పెట్టారు, సంఘాల నాయకుల ఇళ్ల ముందు పోలీసులు. నేను పట్టుపంచె కట్టి, పెళ్లిశుభలేఖ చేతబట్టి కారెక్కాను. టోల్‌గేటు దగ్గర కుర్ర కానిస్టేబుల్ ఆపాడు. రెండేళ్లు మాస్కు పెట్టుకోమని వెంటపడినవాళ్లు, ఆ రోజు మాస్కు తీసి మొహం చూపించమన్నారు. తీశాను. వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. ఇద్దరం గుర్తుపట్టాం, ఇద్దరం గుర్తుపట్టనట్టే ఉన్నాం.

"ఎక్కడికండీ?"

"పెళ్లికి బాబూ."

శుభలేఖ తీసుకుని నిదానంగా చదివాడు. "శ్రీ వికారి నామ సంవత్సర... ఇప్పుడు నడుస్తున్నది ప్లవ కదా మాస్టారూ. వికారి పోయి, శార్వరి పోయి..." గొంతు తగ్గించాడు. "అరవై సంవత్సరాల పేర్లూ బెత్తం పట్టుకుని బట్టీ పట్టించింది మీరే." శుభలేఖ మడిచి నా చేతిలో పెట్టి, "పెళ్లికి ఆలస్యమవుతుంది, పోనీయండి" అని గేటు ఎత్తించాడు. నా సర్వీసు పుస్తకంలో రాయించుకోదగ్గ ఫలితం అదొక్కటే.

బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఆ రోజు ఇసుక వేస్తే రాలలేదు. ఎవరు ఏ వేషంలో వచ్చారో చెప్పుకుని నవ్వుకున్నాం. రెండు రోజుల తర్వాత చర్చలు జరిగాయి, 7 నుంచి తలపెట్టిన సమ్మె ఆగింది. ఈ ఒప్పందం మాకు సమ్మతం కాదని ఉపాధ్యాయ సంఘాలు అన్నాయి. ఎవరు విన్నారు?

తిరిగొచ్చి బడికి వెళ్లాను. రెండో తరగతి. వీళ్లంతా 2020లో ఒకటో తరగతిలో పేరు పడినవాళ్లు. ఆ తర్వాత బడి తెరవడం, మూయడం చూశారుగానీ, బడి పూర్తిగా ఎన్నడూ చూడలేదు. అంకెలు దిద్దిద్దామని కూర్చోబెట్టాను. నల్లబల్ల అందని పిల్లలు, అందుకని నేల మీద సుద్దముక్కతో పెద్ద సున్నా చుట్టాను. చెయ్యి తిరిగినవాణ్ని కదా, వృత్తలేఖినితో గీసినట్టే వచ్చింది.

"ఇదేంటో ఎవరు చెబుతారు?"

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత వెనక వరసలోంచి ఒకడు లేచాడు. ఆ దుకాణం క్యూలో పదకొండో గుండ్రంలో నిలబడినవాడి కొడుకు. జేబులోంచి నలిగిన మాస్కు తీసి మూతికి తగిలించుకున్నాడు. గీత తొక్కకుండా జాగ్రత్తగా అడుగేసి, సున్నా మధ్యలోకి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.